కార్తీకం రెండుసార్లు చేసిన కుర్రాడికి

ప్రశ్న

మాస్టారికి నమస్కారాలు. నాకు 14 ఏళ్లు. తొమ్మిదో క్లాసు. మా ఊరు కాశీనగర్ పక్కన, వంశధార ఒడ్డున. చదివేది రాయగడ జిల్లాలో ఒక హాస్టల్ స్కూల్లో, ఒడియా మీడియం. తెలుగు మా నాన్నమ్మ గోడ క్యాలెండర్ చూపించి నేర్పింది. తప్పులుంటే ఏటీ అనుకోకండి.

ఆరో క్లాసు నుంచి స్కూల్లో పాటంటే నాదే. మొన్న గణేశ్ పూజకి ప్రార్థన పాడుతుంటే, పైకి ఎత్తుకునే చోట గొంతు రెండు ముక్కలైపోయింది. ఒక ముక్క నాది, రెండో ముక్క ఎవలిదో. వెనక లైన్లోంచి ఎవడో కొక్కొరొకో అన్నాడు. అందరూ నవ్వీసారు, పూజ చేస్తున్న పంతులుగారు కూడా. నేను పరిగెత్తుకుపోయి స్టోరు రూంలో బియ్యం బస్తాల వెనక దాక్కున్నాను. అక్కడే నిద్ర పట్టీసింది. రాత్రి హాజరు పిలిస్తే ఒకడు తక్కువొచ్చాడని టార్చిలైట్లు పట్టుకుని చెరువు గట్టు దాకా వెతికీసారు. నా పక్క మంచం వాడు, సవరోళ్ల అబ్బాయి, బస్తాల సందులో నా కాళ్లు చూసి పట్టుకున్నాడు. ఆ రోజు నుంచి నా పేరు కుకుడా. ఒడియాలో కోడి. సీనియర్లు రోజూ లైట్లు ఆర్పే ముందు మంచమెక్కి కూయమంటారు. ఒకసారి కూసీస్తే పడుకుంటారు, పరవాలేదు.

దసరా సెలవుల్లో ఇంటి దగ్గర గొంతునొప్పని చెప్పి, మఫ్లరు చుట్టుకుని, తలూపుతూ గడిపీసాను. నాన్నమ్మ రోజూ మిరియాల కషాయం పట్టించింది. మళ్లీ హాస్టలుకొచ్చాక మొదటి ఆదివారం ఫోన్ చేస్తే మా నాన్న "ఎవరు బాబూ? ఒకసారి మావాణ్ణి పిలువు" అన్నారు. నేనేనని చెప్పబోతే మళ్లీ కోడి కూత వచ్చింది. పెట్టీసాను. ఇంక మాట్లాడ్డమే మానీయాలనుకుని, కార్తీకమాసం మౌనవ్రతం చేస్తానని కాగితం మీద రాసి సూపరింటెండెంట్ సార్‌కి ఇచ్చాను. మా నాన్నమ్మ లెక్కలో కార్తీకం దీపావళి వెళ్లాక. ఇక్కడ దసరా వెళ్లాక వచ్చే కుమార పున్నమి మర్నాడే మొదలంట! సార్ చాలా సంతోషించి, మెస్సులో గుడ్డు, కోడికూర లిస్టులోంచి నా పేరు తీసీసి, తెల్లారగట్ల 4 గంటలకి స్నానం చేసే వాళ్లలో వేసీసారు. నాన్నకి ఫోన్ చేసి మెచ్చుకున్నారు కూడా. పున్నమి వెళ్లాక ఛాడఖాయ్ రోజు, అంటే ఒడియావోళ్లు కార్తీకం అయిపోయిందని మాంసం తినే రోజు, అందరికీ కోడికూర పెట్టారు. ఆ రోజే నాన్నమ్మ ఫోన్లో "మన కార్తీకం అమావాస్య దాకా రా నాన్నా, మధ్యలో వదిలితే దోషం" అంది. అలా మొత్తం నెలన్నర.

ఇంకొకటి. గీస్తే మీసం దట్టంగా వస్తుందని, మీసం వస్తే గొంతు అదే సర్దుకుంటుందని ఒక సీనియర్ చెప్పాడు. నేనూ మా సవరోళ్ల అబ్బాయీ ఒకే బ్లేడుతో గీసుకున్నాం. తెగింది. పేపరు ముక్క అంటించుకుని ప్రార్థనకి వెళ్లాను. సార్ ఊడదీస్తే ఒడియా అక్షరాలు తిరగబడి మూతి మీద అచ్చయిపోయి ఉన్నాయి.

నా గొంతు పాడైపోయిందా? సరస్వతి పూజకి మళ్లీ నా పేరే రాసారు. టీసీ తీసుకుని ఇంటికొచ్చీయనా? వ్రతం అబద్ధమని సార్‌కి చెప్పాలా?

ఇట్లు,
కుకుడా (అసలు పేరు వెయ్యకండి)

జవాబు

నాయనా,

నీ అసలు పేరు నా దగ్గరే ఉంటుంది. కింద సంతకంగా పెట్టుకున్న ఆ పేరుతో మాత్రం నేను నిన్ను పిలవలేను.

ముందు నీకు నిద్ర పట్టనివ్వని మాటకి జవాబు చెప్తాను. నీ గొంతుకి ఏ జబ్బూ రాలేదు. అది పెద్దదవుతోంది, అంతే. గొంతులో స్వరపేటిక అని చిన్న పెట్టెలాంటిది ఉంటుంది. అందులో రెండు మడతలుంటాయి, వాటిని స్వరతంత్రులంటారు. ఊపిరి వాటి మధ్య నుంచి వచ్చేటప్పుడు అవి అదిరితే మాట పుడుతుంది. చిన్నపిల్లలు మాట్లాడేటప్పుడు అవి సెకనుకి సుమారు 250 నుంచి 300 సార్లు అదురుతాయి. ఎదిగిన మగవాడికి 100 నుంచి 130 సార్లే. మామూలుగా 12 ఏళ్లకీ 15 ఏళ్లకీ మధ్య మగపిల్లల ఒంట్లో టెస్టోస్టెరాన్ అనే హార్మోను పెరుగుతుంది. దాంతో ఆ పెట్టె పెద్దదవుతుంది, మడతలు పొడుగై దళసరి కడతాయి. తంబురాలో సన్న తీగ పలికినట్టు లావు తీగ పలకదు కదా. అద్దంలో చూసుకో, నీ మెడ ముందు ఎముకలాంటిది కొత్తగా పొడుచుకొచ్చి ఉంటుంది. గుటక వేస్తే పైకీ కిందికీ కదులుతుంది. ఆ పెట్టె ముందు భాగమే అది.

రెండు ముక్కలు ఎందుకవుతుందంటే, పెట్టె పెరిగినంత తొందరగా దాన్ని బిగించి వదిలే కండరాలకి కొత్త కొలత అలవాటవదు. నిరుటి సన్న తీగనే బిగిస్తున్నామనుకుని బిగిస్తాయి. పై స్వరం దగ్గర పట్టు జారుతుంది, ఎవలిదో గొంతు వస్తుంది. నువ్వు రాసిన ఆ మాట నాకెంతో నచ్చింది. వైద్యుడు ఇంతకంటే బాగా చెప్పలేడు. ఒక దిద్దుబాటు ఒక్కటే: ఆ రెండో ముక్క కూడా నీదే. ఇంకా పరిచయం కాలేదు, అంతే.

ఇలా గొంతు విరగడం కొందరికి కొన్ని నెలలు, కొందరికి ఏడాది పైన ఉంటుంది. మెల్లగా తగ్గుతుంది. గొంతు పూర్తిగా నిలదొక్కుకునేసరికి 17, 18 ఏళ్లొస్తాయి. మీ నాన్నమ్మగారి మిరియాల కషాయం జలుబుకి హాయిగా ఉంటుంది, ఆవిడ చేత్తో ఇచ్చింది కాబట్టి తాగు. గొంతు మారడాన్ని మాత్రం అది ఆపలేదు, ఆపక్కర్లేదు కూడా. మంచినీళ్లు బాగా తాగు. అరవకు. గుసగుసగా మాట్లాడితే గొంతుకి విశ్రాంతి అనుకుంటారు గాని, బలవంతపు గుసగుస గొంతుని ఇంకా అలసట పెడుతుంది. మూడు వారాలు దాటినా బొంగురు వదలకపోయినా, నొప్పి ఉన్నా, మింగడం కష్టమైనా చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించాలి. నీ ఉత్తరంలో అలాంటి లక్షణమేదీ నాకు కనబడలేదు.

ఒంట్లో ఇంకొన్ని కూడా ఇప్పుడే మొదలవుతాయి. ఈ వయసులో ఏడాదికి 9, 10 సెంటీమీటర్లు పొడుగయ్యే పిల్లలున్నారు. ముందు చేతులూ కాళ్లూ సాగుతాయి, కాబట్టి కొన్నాళ్లు గ్లాసులు తన్నేస్తావు, గుమ్మాలకి తగులుతావు, జూన్‌లో కుట్టించిన ప్యాంటు సంక్రాంతికి చీలమండ పైకెక్కుతుంది. మొటిమలొస్తాయి, చెమట వాసన మారుతుంది. చాలామంది మగపిల్లలకి ఛాతీ దగ్గర చిన్న గడ్డలా గట్టిపడి, ఏడాది రెండేళ్లలో దానంతటదే పోతుంది. అది చూసి ఎంత భయపడ్డారో పాతికేళ్ల తర్వాత నాకు చెప్పిన శిష్యులున్నారు. అప్పుడే అడిగి ఉంటే అయిదు నిమిషాల్లో తీరేది. నీకేదైనా అనుమానం వస్తే మీ నాన్నని అడుగు, లేదా ప్రభుత్వాసుపత్రికి వెళ్లు. మీ వయసు పిల్లలకి అక్కడ విడిగా సలహా చెప్పేవాళ్లుంటారు, అడగడానికి సిగ్గు అక్కర్లేదు.

ఇప్పుడు పాట. సంగీతం చెప్పే సార్ ఉంటే ఆయన దగ్గరికి, లేకపోతే హార్మోనియం వాయించే ఎవరి దగ్గరికైనా ఒక్కడివే వెళ్లు. ఇన్నాళ్లూ నువ్వు అయిదు శ్రుతిలోనో అయిదున్నరలోనో పాడి ఉంటావు. ఆడవాళ్లూ చిన్నపిల్లలూ పాడేది అక్కడే. మగవాళ్లు ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల్లో పాడతారు. నువ్వు ఈ రెంటికీ మధ్య నడుస్తున్నావు. నోరు మూసుకుని, మెట్టు మెట్టుకీ దిగుతూ హమ్మింగ్ చెయ్యి. కింద ఎక్కడ ఆగిపోతుందో, పైన ఎక్కడ జారుతుందో గుర్తు పెట్టుకో. ఆ మధ్యలో ఎనిమిది స్వరాలు కూడా దొరక్కపోవచ్చు, అయిదారే దొరకొచ్చు. ఈ ఏడాదికి అవే నీ ఆస్తి. అందులో ఇమిడే పాట పాడు. నా మాటైతే, ఈ సరస్వతి పూజకి ఒక్కడివే పాడొద్దు. పదిమందితో కలిసి కింది స్వరంలో పాడు. లేదా చేతికి గిని, అదే చిన్న తాళాలు, తీసుకుని తాళం వెయ్యి. గొంతు మారే ఏడాది తాళం నేర్చుకున్న పిల్లలు తర్వాత పాటలో చాలా నిలకడగా ఉండడం నేను చూశాను. పై స్వరం కోసం మెడ నరాలు తేలేలా బలవంతం చెయ్యడం మాత్రం వద్దు.

సరిగ్గా నీలాంటివాడే ఒకడు నా దగ్గర చదివాడు. నౌపడా నుంచి గుణుపూర్ దాకా చిన్న రైలు నడిచే రోజులు. గేజి మార్చడానికి 2004లో ఆపేశారు గదా, దానికి ముందు సంగతి. ఎనిమిదో క్లాసులో గొంతు విరిగితే మూడు నెలలు మెడకి జేబురుమాలు కట్టుకుని తిరిగాడు. పాఠం చదవమంటే లేచి నిలబడి, పుస్తకం పక్కవాడికి ఇచ్చేవాడు. ఇవాళ బస్టాండులో "పర్లాకిమిడి, పాతపట్నం, టెక్కలీ" అని పిలిస్తే రోడ్డుకవతల టీ కొట్టులో కూర్చున్నవాడు గ్లాసు పెట్టేసి లేస్తాడు. ఆ "టెక్కలీ"లో చివర దీర్ఘం ఎంతసేపు నిలబెడతాడో ఒకసారి గడియారం పెట్టి చూశాను. నేను ఊపిరి బిగబడితే నా ఊపిరి ముందు అయిపోయింది.

మీసం విషయం తొందరగా చెప్పేస్తాను. గీస్తే దట్టంగా రాదు. కోసిన వెంట్రుక కొస మొండిగా ఉంటుంది కాబట్టి గరుగ్గా తగులుతుంది, అంతే. మీసానికీ గొంతుకీ ఒకదాన్నొకటి సర్దే పని లేదు, రెండూ ఒకే హార్మోను వల్ల వస్తాయి. కాని ఒకే బ్లేడు ఇద్దరు వాడారన్నది చాలా పెద్ద తప్పు. ఇద్దరి రక్తం ఒక బ్లేడు మీద కలిస్తే కామెర్ల జబ్బు తెచ్చే హెపటైటిస్ బి, సి, ఇంకా హెచ్ఐవీ కూడా ఒకరి నుంచి ఒకరికి రావచ్చు. అన్నదమ్ములైనా సరే, ప్రాణస్నేహితులైనా సరే, ఎవరి బ్లేడు వాళ్లదే. తెగింది కాబట్టి మీ ఇద్దరూ ఈ సంగతి హాస్టలుకొచ్చే నర్సుకో డాక్టరుకో చెప్పండి. చిన్నప్పుడు హెపటైటిస్ బి టీకాలు పడ్డాయో లేదో అమ్మని అడుగు. భయపడాలని చెప్పడం లేదు. చెప్పకుండా దాచొద్దని చెప్తున్నాను.

నువ్వు ఉత్తరమంతా నవ్విస్తూ రాశావు. బస్తాల సందులో కాళ్లు, మూతి మీద తిరగబడ్డ అక్షరాలు, అవన్నీ చదివి మా ఇంట్లో అందరం హాయిగా నవ్వుకున్నాం. ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. రోజూ రాత్రి మంచమెక్కి కూయాలి, కూస్తే పడుకుంటారు, పరవాలేదు. అది పరవాలేదు కాదు నాయనా. పూజ రోజు ఎవడో కొక్కొరొకో అన్నాడు, జనం నవ్వారు. అది ఉన్నట్టుండి వచ్చిన నవ్వు, దాన్ని పట్టుకుని బాధపడక్కర్లేదు. పంతులుగారికీ 14 ఏళ్లప్పుడు గొంతు విరిగే ఉంటుంది. కాని రోజూ ఒకే సమయానికి, నీకంటే పెద్దవాళ్లు, నీ చేత బలవంతంగా ఒక పని చేయించి, అది అయ్యాకే దీపం ఆర్పుతున్నారంటే అది వేధింపే. నువ్వు అలవాటు పడిపోయావు కాబట్టి అది చిన్నదైపోదు. వాళ్లకి రేపు ఇంకోటి తోస్తుంది. పరవాలేదనుకుంటే అదీ చెయ్యాల్సొస్తుంది.

ఇవాళ రాత్రి కూయకు. "నేను చెయ్యను" అని చెప్పి దుప్పటి కప్పుకో. నీ పక్క మంచం వాడికి ముందే చెప్పి ఉంచు, వాడు లేచి కూర్చుంటాడు. నిన్ను వెతికి పట్టుకున్నవాడు ఈ పనీ చేస్తాడు. మర్నాడు పొద్దున్నే సూపరింటెండెంట్ సార్‌కి చెప్పు. మీ నాన్నకీ చెప్పు. చెయ్యి చేసుకున్నా, ఇంకేదైనా పాడుపని చెయ్యమన్నా, చెప్పినా ఎవరూ పట్టించుకోకపోయినా, 1098 పిల్లల సహాయ నంబరు. పగలూ రాత్రీ పలుకుతుంది, డబ్బులు పడవు. ఈ నంబరు నోటుబుక్కు వెనక అట్ట మీద రాసి పెట్టుకో. నీకు పని పడకపోయినా పక్కవాడికి పడొచ్చు.

ఇక నీ మౌనవ్రతం. నలభై అయిదు రోజులు! మన సరిహద్దు ఊళ్లలో పెరిగినవాడికి తప్ప ఇంకెవరికీ ఈ ఆపద రాదు. ఒడియావాళ్లకి నెల పున్నమికి ముగుస్తుంది, అందుకే వాళ్ల కార్తీకం కుమార పున్నమి మర్నాడు మొదలై కార్తీక పున్నమికి అయిపోతుంది. మనకి నెల అమావాస్యకి ముగుస్తుంది, కాబట్టి దీపావళి మర్నాడు మొదలై తర్వాతి అమావాస్య దాకా ఉంటుంది. రెండూ సరైన లెక్కలే. నువ్వు ముందు వాళ్ల లెక్కలో ఎక్కి, తర్వాత మీ నాన్నమ్మ లెక్కలో దిగావు.

ఇలాంటిదే ఇంకోటి నేను ఏటేటా చూసేవాణ్ణి. మన పిల్లలు హాస్టల్లో చేరిన మొదటి వారం మెస్సులో పప్పు వడ్డిస్తుంటే "చాలు, చాలు" అంటారు. వడ్డించేవాడికి ఒడియాలో ఆ మాట "కానీ, నడవనీ" అన్నట్టు వినిపిస్తుంది. ఇంకో గరిటె వేస్తాడు. కుర్రాడు కంగారుపడి ఇంకా గట్టిగా "చాలు!" అంటాడు. కంచంలో అన్నం మునిగిపోతుంది. ఒక పిల్లవాడు అలా మునిగిన కంచాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఒలకకుండా బెంచీ దాకా నడిచి, కూర్చుని, కళ్లలో నీళ్లతో అంతా తిన్నాడు. పారేస్తే తప్పని ఇంట్లో చెప్పారట. రెండో వారానికల్లా వాడు అడ్డంగా చెయ్యి పెట్టడం నేర్చుకున్నాడు. మూడో నెలకి ఒడియాలో వంటవాడితో మాట్లాడి చేపముక్క తలకాయ వైపుది అడిగి వేయించుకునేవాడు.

సార్‌కి నిజం చెప్పాలా అని అడిగావు. చెప్పాలి. ఆయన నిన్ను నమ్మి మీ నాన్నకి ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు. ఆ మెప్పు నీ దగ్గర ఎన్నాళ్లుంటే అన్నాళ్లు గుచ్చుకుంటూనే ఉంటుంది. అయితే ఒక సంగతి గమనించు. వ్రతం నువ్వు నిజంగానే చేశావు. నాలుగింటికి చన్నీళ్ల స్నానం ఎవరూ నీ బదులు చెయ్యలేదు. ఛాడఖాయ్ రోజు పక్కవాడి కంచంలో కోడికూర వాసన చూస్తూ పప్పన్నం తిన్నది నువ్వే. అబద్ధం కారణంలో ఉంది, చేసినదాంట్లో లేదు. అలాగే చెప్పు. "సార్, మో గళా బదళుఛి, మతె లాజ లాగుథిలా." నా గొంతు మారుతోంది, నాకు సిగ్గేసింది. ఈ రెండు ముక్కలు చాలు. ఆయన కోప్పడొచ్చు. కోప్పడితే నిలబడి విను. నీకిష్టమైతే ఆ నాలుగింటి స్నానం ఇంకో వారం చెయ్యి. ఇన్నేళ్లు హాస్టళ్లు చూసినవాడిగా చెప్తున్నాను, తానుగా వచ్చి తప్పు చెప్పిన పిల్లవాడి మీద ఏ సూపరింటెండెంటుకీ కోపం సాయంత్రం దాకా నిలవదు.

తెలుగులో తప్పులుంటే ఏటీ అనుకోవద్దన్నావు. నీ ఉత్తరంలో నేను ఒక్క అక్షరం దిద్దలేదు. "నవ్వీసారు", "పెట్టీసాను", "ఎవలిదో" అన్నీ అలాగే ఉంచాను. మీ నాన్నమ్మ నోట విన్న తెలుగు అది. 1880లో పర్లాకిమిడి రాజావారి బడికి ఒక కుర్ర ఉపాధ్యాయుడు వచ్చాడు, గిడుగు రామమూర్తి. మనుషులు మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు రాయాలని పెద్ద పండితులతో ఏళ్ల తరబడి వాదించాడు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆయన చేసిన ఇంకో పని నీకు మరీ దగ్గరిది. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకున్నాడు. దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాశాడు. ఆ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, దానికి క్వినైన్ మింగీ మింగీ వినికిడి పోగొట్టుకున్నాడు. అంత కష్టపడి ఆయన విన్న భాష నీకు పక్క మంచం మీదే ఉంది. నిన్ను బస్తాల సందులో పట్టుకున్నప్పుడు ఆ అబ్బాయి ఏ భాషలో పిలిచాడో నువ్వు రాయలేదు. అడిగి తెలుసుకో. గొంతు విరగడాన్ని వాళ్ల మాటలో ఏమంటారో కూడా అడిగి నాకు రాయి. నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.

టీసీ వద్దు. కూయమనేవాళ్ల బెడద తీరకపోతే, చెప్పినా ఎవరూ వినకపోతే, అప్పుడు వెంటనే ఇంటికి రా, ఆ రోజు నేనే మీ నాన్నకి రాస్తాను. గొంతు కోసమైతే మాత్రం రావొద్దు. కాశీనగర్‌లోనైనా అది ఇలాగే విరుగుతుంది. అక్కడ నీతోపాటు గొంతు విరిగేవాళ్లు గదినిండా ఉండరు. ఇప్పుడు నీ గదిలో లెక్కపెట్టు, ఎంతమందికి మూతి మీద నూగు వచ్చిందో, ఎంతమంది రోజూ పొద్దున్న గొంతు సవరించుకుని గాని "ఆజ్ఞా" (ఒడియాలో "అండీ" అన్నట్టు) అనడం లేదో. వాళ్లు నీ మీద నవ్వేది కొంత తమ మీద నవ్వు రాకుండా కాపాడుకోవడానికే.

చివరికి మీ నాన్న సంగతి. నీ ఉత్తరంలో అన్నిటికంటే నన్ను కలచినది అదే. ఒక సంగతి నీకు తెలియాలి. ఆయన నిన్ను మర్చిపోయి అలా అనలేదు. ఆయన చెవిలో ఇంకా జూన్ నెల గొంతు ఉంది. దసరాకి ఇంటికెళ్లి మఫ్లరు చుట్టుకుని తలూపావు గదా, కొత్త గొంతు ఆయనకి వినిపించనే లేదు. వినని గొంతుని ఎవరైనా ఎలా పోలుస్తారు? ఆ ఆదివారం ఫోన్ తెగిపోయాక ఆయన ఎంతసేపు దాన్ని చేతిలో పట్టుకుని కూర్చున్నారో మనకి తెలియదు. కొడుకు ఫోన్ రాలేదని అనుకుని ఉంటారు.

ఇది చదివే తండ్రులకి కూడా ఒక మాట. మీ పిల్లలు హాస్టళ్లలో ఉంటే, ఫోన్లో కొత్త గొంతు వినబడగానే "ఎవరు" అని అడిగే ముందు ఒక్క క్షణం ఆగండి. అమ్మాయిలు ఎదిగితే ఇంట్లో ఎవరో ఒకరు పక్కన కూర్చుని చెప్తారు. అబ్బాయిలకి మన ఇళ్లలో ఎవరూ ఏమీ చెప్పరు, సీనియర్లు చెప్పిందే వేదం. మీ గొంతు మారినప్పుడు మీకేమయిందో ఒకసారి చెప్పండి చాలు.

నాయనా, ఈ ఆదివారం నీ వంతు వచ్చినప్పుడు ఇంటికి ఫోన్ చెయ్యి. ముందు పేరు చెప్పకు. "నాన్నా" అను. ఆయన "ఎవరు" అంటే మళ్లీ "నాన్నా" అను. మధ్యలో గొంతు విరుగుతుంది, విరగనీ. ఆయన నవ్వొచ్చు, నువ్వూ నవ్వు. గణేశ్ పూజ దగ్గర్నుంచి బ్లేడు దాకా నాకు రాసినవన్నీ ఆయనకి చెప్పు. చెప్పడం పూర్తయ్యేదాకా ఫోన్ మాత్రం పెట్టీకు.